ఎడమిచ్చు పందెములు, అంచె పరుగులు

మన పేటలలో పిల్లలు దాగుడుమూత లాడుచుండగా, వారి వెంట వచ్చిన చిన్న తమ్ముడో చెల్లెలో తానును ఆడెదనని యేడ్చుట చదువరులందఱు నెఱిగినదే. అప్పుడు పెద్దపిల్లలు "సరే రా, నీవు ఆటలో అరటిపండువు" అని చేర్చుకొందురు. ఆ చిన్నవాడు పరుగెత్తును, దాగును, పట్టుబడును. కాని వాని గెలుపును ఓటమిని ఎవరును లెక్క పెట్టరు. కొంతసేపటికి వాడే ఆ సంగతి గ్రహించి యింటికి పోవును.

మన పాఠశాలలలో జరుగు పరుగుపందెములును పెక్కుమందికి ఇట్టివే యని మేము చాలకాలముగా తలంచుచున్నాము. తరగతిలో నలువదిమంది యున్నచో, బహుమతులు ముగ్గురికి. ఆ ముగ్గురెవరో ఈల వేయకముందే తరగతి యంతయు నెఱుగును. తక్కిన ముప్పదియేడుగురు గీత మీద నిలుచుండి, పరుగెత్తి, చెమటోడ్చి, పందెములో అరటిపండ్లై తిరిగి వత్తురు. మఱుసటి యేడు వారిలో సగముమంది పేరే యీయరు. దీనికి సోమరితనము కారణమని పెద్దలందురు గాని, మాకట్లు తోచదు. లెక్కకు రాని యాటలో నెవరు నిలుతురు?

ఈ చిక్కును విప్పుటకు పరుగు సంఘములవారు రెండు మంచి యుపాయములను కనుగొనిరి. ఒకటి ఎడమిచ్చు పందెము. దీనిని ఇంగ్లీషువారు హ్యాండికాప్ అందురు. రెండవది అంచె పరుగు. దీనిని రిలే అందురు. ఈ రెంటి స్వరూపమును, మూలమును, నడుపు విధమును తెలుపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

హ్యాండికాప్ అను మాట మొదట పరుగునకు సంబంధించినది కాదు. పూర్వ మింగ్లండులో ఇద్దఱు మనుష్యులు తమ వస్తువులను మార్చుకొనదలచినపుడు, మూడవవాని నొకని మధ్యవర్తిగా నుంచుకొని, ముగ్గురును కొంత పైకమును టోపీలో వేయుచుండిరి. ఏ వస్తువు తక్కువ వెల గలదో, దానికి ఎంత సొమ్ము కలిపినచో సమమగునో మధ్యవర్తి చెప్పును. తరువాత ఇద్దఱును టోపీలో చేతు లుంచి, ఒప్పుకొనిరో లేదో చేతులు వెలికి తీసి చూపుదురు. "టోపీలో చేయి" అను నర్థము గల మాటలే కలిసిపోయి హ్యాండికాప్ అయినవి. సామ్యూల్ పెప్స్ అనునాతడు 1660వ సంవత్సరపు తన దినచర్యలో ఈ యాటను పేర్కొనెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇదే పద్ధతి గుఱ్ఱపు పందెములకు వచ్చెను. మేలైన గుఱ్ఱము ఎక్కువ బరువును, తక్కువ గుఱ్ఱము తక్కువ బరువును మోయవలెను. ఎంతెంత మోయవలెనో మధ్యవర్తి నిర్ణయించును.

దీనిని చూచుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. దిల్‌సుఖ్‌నగరునకు పడమట మలక్‌పేట గుఱ్ఱపు పందెముల మైదానము కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, పందెములు మౌలాలి నుండి అచ్చటికి మారినవి. అచ్చట హ్యాండికాప్ పందెములందు సవారిచేయువాని బరువు చాలనిచో, జీనులో సీసపు బిళ్ళలు పెట్టుదురు. పందెపు సొమ్ముతో మనకు పని లేదు. ఎందఱి కాపురములు ఆ కంచె ప్రక్కన కూలినవో మనకు తెలియును. కాని ఆ సీసపు బిళ్ళలోని యాలోచన మాత్రము గ్రహింపదగినది. పందెమనగా ఎవరు బలవంతులో ముందే తెలిసియున్న సంగతిని మరల చాటుట కాదు. ఈనాడు ఎవరు తమ శక్తికి మించి ప్రయత్నించిరో కనుగొనుట.

మనుష్యుల పరుగులో బరువు మోయించుట బాగుండదు. కనుక ఇచ్చట దూరమునో కాలమునో ఎడముగా నిత్తురు. తక్కువ దూరపు పందెములలో దూరము నిత్తురు. ఇట్టి పందెములలో మిక్కిలి పేరుపొందినది ఆస్ట్రేలియాలోని స్టావెల్ గిఫ్ట్. స్టావెల్ బంగారు గనులచే పెరిగిన చిన్న పట్టణము. 1878 నుండి ఈస్టరు పండుగ దినములలో అచ్చట గడ్డి నేల మీద ఈ పందెము జరుగుచున్నది. ఈ కాలమున దూరము 120 మీటర్లు. అందఱి కన్న వేగవంతుడు గీత మీద నిలుచును. తక్కినవారు తమ తమ శక్తిని బట్టి కొన్ని మీటర్లు ముందు నిలుతురు. గీత మీది నుండి బయలుదేరి గెలుచుట యెంత కష్టమనగా, 1975లో మడగాస్కరు దీవివాడైన రవెలోమనంత్సోవా అట్లు గెలిచినపుడు దాని నొక వింతగా చెప్పుకొనిరి. ప్రపంచ ప్రసిద్ధుడగు జమైకావాడు అసాఫా పావెల్ 2013లో వచ్చి, పరుగెత్తి, గెలువలేక తిరిగిపోయెను. ఆ స్టావెల్ ఉన్న రాష్ట్రము పేరు విక్టోరియా. మన మెట్రో రైలు ఎల్.బి.నగరునకు ముందు ఆగు స్టేషను పేరును విక్టోరియా మెమోరియలే! ఆ రాణి జ్ఞాపకార్థము ఆఱవ నిజాము కట్టించిన యనాథ బాలల గృహమును బట్టి ఆ స్టేషనునకు ఆ పేరు వచ్చినది. ఇది ప్రసంగవశమున చెప్పితిమి.

ఎక్కువ దూరపు పరుగులలో కాలము నిత్తురు. సంఘముల పందెములలో ఇదియే వాడుక. ఇది విద్యార్థులకు లెక్కల వలె నుండును గనుక కొంచెము వివరించెదము.

అయిదు కిలోమీటర్ల దారి యనుకొందము. నలుగురు పరుగెత్తువారు కలరు. మొదటివాడు ఆ దూరమును 20 నిమిషములలోను, రెండవవాడు 25లోను, మూడవవాడు 32లోను, నాలవవాడు 40లోను ముగింపగలరు. అందఱు నొక్కసారిగా బయలుదేరినచో ఫలితము మనకు ముందే తెలియును. అట్లు గాక, నాలవవానిని మొదట విడువవలెను. ఎనిమిది నిమిషములు గడచిన పిమ్మట మూడవవానిని, పదునైదవ నిమిషమున రెండవవానిని, ఇరువదవ నిమిషమున మొదటివానిని విడువవలెను. మొదటివాడు గీత దాటునప్పటికి నాలవవాడు సరిగా సగము దారిలో, రెండున్నర కిలోమీటర్ల వద్ద నుండును. మూడవవాడు రెండు కిలోమీటర్లకు కొంచెము తక్కువగా పోయియుండును. రెండవవాడు ఒక కిలోమీటరు ముగించియుండును. ఎవరి లెక్క ప్రకారము వారు పరుగెత్తినచో నలుగురును నలువదవ నిమిషమున ఒక్కసారిగా తుదిగీతను చేరవలెను. కాని మనుష్యులు గడియారములు కారు. ఒకడు తన లెక్క కన్న అర నిమిషము త్వరగా వచ్చును, వాడే విజేత. వాడు నలువది నిమిషములవాడే కావచ్చును.

ఈ పందెమును చూచిన వారికి దీని సొగసు వెంటనే తెలియును. మామూలు పందెములో తుదిగీత వద్ద నిలిచినవారు మొదటి ముగ్గురిని చూచి యిండ్లకు పోవుదురు. ఇందులో కడపటి నిమిషమున అందఱు నొక్కచోటికి క్రమ్ముకొని వత్తురు. మెల్లగా పోవువాడు జీవితములో మొదటిసారి తన ముందెవరును లేని దారిని చూచును. వెనుక అడుగుల చప్పుడు వినును. వేగవంతుడు జీవితములో మొదటిసారి తన ముందు ముప్పదిమంది వీపులను చూచును. ఇద్దఱికిని ఇది క్రొత్త చదువే.

వయస్సును బట్టి ఎడమిచ్చు పందెములును కలవు. కాలిఫోర్నియాలో 1905లో మొదలైన డిప్సీ అను కొండదారి పందెమున పిల్లలకును వృద్ధులకును ముందు బయలుదేరు హక్కు కలదు. 2010లో ఎనిమిదేండ్ల బాలిక యొకతె అందులో గెలిచెను. 2012లో డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు గెలిచెను. తాతయు మనుమరాలును ఒకే బహుమతి కొఱకు నిజముగా పోటీపడగల యాట మఱొకటి మాకు తెలియదు.

ఇక దీనిలోని కష్టము చెప్పవలెను. పందెమంతయు ఎడమును నిర్ణయించువాని నేర్పు మీదను, పరుగెత్తువారి నిజాయితీ మీదను నిలిచియున్నది. పరీక్ష పరుగులో కావలెనని మెల్లగా పోయి, ఎక్కువ ఎడమును సంపాదించి, అసలు పందెములో విజృంభించువారు ఎల్ల దేశములందును కలరు. స్టావెల్‌లో ఇట్టివారిని విచారించి జరిమానా విధించుటయు కలదు. సంఘములవారు దీనికి కొన్ని మందులు కనిపెట్టిరి. కడపటి పరుగును గాక, సంవత్సరములోని మేలైన పరుగును లెక్కకు తీసికొందురు. గెలిచినవానికి మరుసటి పందెమున ఎడమును తగ్గింతురు. కొందఱు గడియారములను సెల్‌ఫోనులను తీసివేయించి, ఎవరు తాము ముందు చెప్పిన కాలమునకు దగ్గఱగా వచ్చిరో వారికే బహుమతి యిత్తురు. ఇందులో మోసమునకు తావు లేదు, నవ్వులకు మాత్రము కావలసినంత కలదు.

నిర్ణయించువారి తప్పును గూర్చి మా యనుభవము నొకటి దాచక చెప్పెదము. మా పాఠశాలలో నొక చలికాలమున ఎనిమిదవ తరగతివారికి ఇట్టి పందెమును పెట్టితిమి. ముందు వారమున ఒక్క పరీక్ష పరుగు నడిపి, ఆ కాలములనే పట్టికగా వ్రాసికొంటిమి. పందెపు దినమున ఒక బాలిక తక్కినవారి కన్న రెండు నిమిషములు ముందుగా వచ్చి గెలిచెను. వెంటనే గుసగుసలు బయలుదేరెను; ఆమె పరీక్ష పరుగులో నటించినదని కొందఱు బిగ్గరగనే యనిరి. ఆమె బదులు చెప్పలేదు. రెండు దినముల తరువాత ఆమె తల్లి వచ్చి, బహుమతిగా నిచ్చిన పుస్తకమును మా బల్ల మీద పెట్టి, "అయ్యా, మా పిల్ల జ్వరము తగ్గిన మూడవనాడు పరుగెత్తినది. మీరు అడుగలేదు, అది చెప్పలేదు. దొంగ యను పేరుతో ఈ పుస్తకము మా యింట వద్దు" అనెను. మేము తలవంచుకొంటిమి. ఒక్క పరుగును చూచి యొకరి శక్తిని వ్రాయబూనుట మా తప్పు. అడుగకపోవుట అంతకన్న పెద్ద తప్పు. మఱునాడు ప్రార్థన సమయమున పిల్లలందఱి యెదుట ఆ తప్పు మాదని చెప్పి, ఆ పుస్తకమును మరల ఆమె కిచ్చితిమి. అప్పటి నుండి మూడు పరుగులు చూడక ఎవరి పేరిటను కాలము వ్రాయుట లేదు.

వేగవంతుల ఫిర్యాదును ఒకటి కలదు; అది తీసివేయదగినది కాదు. "మేము కష్టపడి వేగము సంపాదించినందుకు శిక్షయా?" అని వారడుగుదురు. అందుచేతనే మంచి సంఘములు రెండు బహుమతుల నిచ్చును: ముందు తుదిగీతను చేరినవారి కొకటి, గడియారము మీద తక్కువ కాలము పట్టినవారికి మఱొకటి. వేగవంతుని గౌరవమునకు లోపము రాదు.

ఇప్పుడు అంచె పరుగును గూర్చి. "అంచె" మన భాషలో పాత మాట. దూరప్రయాణములలో గుఱ్ఱములను, బోయీలను మార్చు చోటును అంచె యనుచుండిరి. "అంచెలంచెలుగా" అని మనము నేడును అనుచున్నాము. ఈ పద్ధతి హిందూదేశమునకు క్రొత్తది కాదు. పదునాలుగవ శతాబ్దమున ఢిల్లీ సుల్తాను కొలువునకు వచ్చిన ఇబన్ బతూతా అను మొరాకో యాత్రికుడు ఇచ్చటి కాలినడక తపాలాను వర్ణించెను. మైలునకు మూడు అంచెలు. ప్రతి యంచె వద్ద నడుము కట్టి సిద్ధముగా మనుష్యులు. ఒక చేత జాబు, మఱొక చేత గంటలు కట్టిన కఱ్ఱ. గంటల చప్పుడు వినగనే ముందటి యంచెవాడు లేచి నిలిచి, జాబు నందుకొని పరుగు తీయును. గుఱ్ఱపు తపాలా కన్న ఇది వేగముగా పోవుచుండెనని ఆయన వ్రాసెను. నేటి రిలే పందెమున చేతులు మారు కఱ్ఱను చూచినపుడెల్ల మాకు ఆ గంటల కఱ్ఱ జ్ఞాపకము వచ్చును.

జపానువారు తమ తపాలా సంప్రదాయమును మఱవక, దానినే పందెముగా చేసికొనిరి. 1917లో క్యోటో నుండి టోక్యో వఱకు మొదటి "ఎకిడెన్" జరిగెను. ఆ పేరునకు స్టేషను నుండి స్టేషనునకు అందించుట యని యర్థము. వారు కఱ్ఱకు బదులు భుజము మీదుగా వేసికొను గుడ్డపట్టీని అందింతురు. 1920 నుండి టోక్యో, హకోనే నడుమ కళాశాల విద్యార్థులు పరుగెత్తు ఎకిడెన్‌ను చూచుటకు క్రొత్త సంవత్సర దినములలో ఆ దేశమంతయు కూర్చుండును.

మైదానములోని అంచె పరుగు వేఱు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 1895లో ఆరంభించిన పోటీల వలన అది వ్యాపించినది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సున నాలుగు నూర్ల మీటర్ల పందెము పురుషులకు ప్రవేశపెట్టబడెను. ఆ మొదటి పందెముననే గొప్ప పాఠము జరిగినది. సెమీఫైనలులో అమెరికావారు, ఫైనలులో జర్మనులు కఱ్ఱ అందించుటలో తప్పు చేసి తొలగింపబడిరి, బ్రిటిషువారు గెలిచిరి.

కఱ్ఱ సుమారు 28 నుండి 30 సెంటీమీటర్ల పొడవు గల గొట్టము. యాబది గ్రాములకు తక్కువ తూగరాదు. దానిని చేతులు మార్చుటకు గీతలు గీసిన చోటు కలదు. నాలుగు నూర్ల పందెమున అది 30 మీటర్లు. ఆ గీతల నడుమ మారవలసినది కఱ్ఱయే. మనుష్యుని కాలెక్కడ నున్నదన్నది లెక్క లేదు. కఱ్ఱ జారిపడినచో జార్చినవాడే తీయవలెను. అందుకొనువాడు వెనుదిరిగి చూడడు. వెనుకవాడు నేల మీది గుర్తును దాటగనే తాను పరుగు మొదలిడి, పిలుపు వినగనే చేయి వెనుకకు చాచును. ఆ చేతిలో కఱ్ఱ పడునని నమ్మి పరుగెత్తుటయే ఇందులోని విద్య.

ఈ విద్య విలువ యెంతయో ఒక లెక్క చెప్పును. ఉసేన్ బోల్ట్ నూరు మీటర్లను 9.58 సెకండ్లలో పరుగెత్తి 2009లో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. నలుగురు బోల్టులున్నచో, దానిని నాలుగింతలు చేయగా 38.32 సెకండ్లగును. కాని జమైకా జట్టు 2012లో లండనున 36.84 సెకండ్లలోనే ముగించెను! నలుగురు బోల్టుల కన్న ఒక బోల్టును ముగ్గురు తోడివారును త్వరగా పోయిరి. ఏలయనగా, మొదటివాడు తప్ప తక్కిన ముగ్గురును కఱ్ఱ నందుకొనునప్పటికే వేగములో నుందురు.

నాలుగు నాన్నూర్ల మీటర్ల పందెమున మన దేశమువారు ఈ మధ్య మంచి పేరు తెచ్చిరి. 2023 ఆగస్టులో బుడాపెస్టున జరిగిన ప్రపంచ పోటీలలో అనస్, అమోజ్, అజ్మల్, రాజేశ్ అను నలుగురు 2 నిమిషముల 59.05 సెకండ్లలో ముగించి ఆసియా రికార్డు నెలకొల్పి, ఫైనలున అయిదవ స్థానము పొందిరి. 2024 పారిస్ ఒలింపిక్సున మన స్త్రీల జట్టులో తణుకు పిల్ల దండి జ్యోతికశ్రీ పరుగెత్తెను. ఆమె జట్టు ఫైనలునకు చేరలేదు గాని, గోదావరి మండలమునుండి ఆ గీత వఱకు చేరుటయే చిన్న సంగతి కాదు.

ఎడమును అంచెయు కలిసిన పందెము మా మనస్సునకు అన్నిటి కన్న నచ్చినది. ఎనిమిదిమంది విద్యార్థులు కిలోమీటరు దూరమును వరుసగా 4, 4½, 5, 5½, 6, 6½, 7, 8 నిమిషములలో పోగలరనుకొందము. నాలుగు, అయిదున్నర, ఆఱు, ఎనిమిది నిమిషములవారిని ఒక జట్టుగా చేసినచో మొత్తము ఇరువదిమూడున్నర. తక్కినవారి మొత్తము ఇరువదిమూడు. మొదటి జట్టును అర నిమిషము ముందు విడిచినచో రెండును సమానము. ఇప్పుడు ఎనిమిది నిమిషములవాడు ఏడుముప్పావులో వచ్చినచో, వాడు తన జట్టునకు పావు నిమిషము సంపాదించి పెట్టినట్లే. నాలుగు నిమిషములవానికి పావు నిమిషము తగ్గించుట బ్రహ్మప్రళయము. కాని ఎనిమిదివానికి పది దినముల సాధన చాలును. జట్టు గెలుపు కడపటివాని చేతిలో నున్నదని పిల్లలు రెండవ దినమునకే కనిపెట్టుదురు. మా పాఠశాలలో మొదటి సారి ఇట్టి జట్లు కట్టినపుడు, తరగతిలో అందఱి కన్న వేగముగా పోవు బాలుడు సాయంకాలము పందెముతో తనకు పనిలేని గుంపులో, అందఱి కన్న మెల్లగా పోవువాని ప్రక్కన పరుగెత్తుచు, "ఊపిరి ముక్కుతో తీయుము, భుజములు దించుము" అని చెప్పుచుండుటను మేము చూచితిమి. ఎవరును వానికి చెప్పలేదు.

మన నగరమున పరుగు సంఘములు క్రొత్తవి కావు. 2007లో ఏర్పడిన హైదరాబాదు రన్నర్సు సంఘమువారు ఏటేట మారథాను నడుపుచున్నారు. కాని పెద్ద పరుగులు తఱచుగా హుస్సేనుసాగరము గట్టున మొదలై పడమటి దిక్కునకు పోవును. తూర్పుననున్న మనకు చోటు కొదువ. దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగరు అను నాలుగు మెట్రో స్టేషనులును ఒకదాని కొకటి సుమారొక కిలోమీటరు, లేక కొంచె మెక్కువ దూరమున, అంచె పరుగునకే కట్టినట్లుండును; 2018 సెప్టెంబరులో ఆ దారి తెఱచినపుడే మాకీ యూహ తోచెను. అయితే వాని క్రింది విజయవాడ రహదారి మీద పిల్లలను పరుగెత్తించుటకు బస్సులును ఆటోలును ఒప్పుకొనవు. వనస్థలిపురము వద్ద హరిణ వనస్థలిలో కృష్ణజింకలు మాత్రము హాయిగా పరుగెత్తుచున్నవి. వానికి ఎడము లెక్కించువారు లేరు. మనకు మన ఆటస్థలమే గతి. దాని చుట్టు నాలుగు సార్లు తిరిగినచో కిలోమీటరునకు కొంచెము తక్కువ.

వచ్చు చలికాలమున ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు అందఱికిని, తల్లిదండ్రులలో ఇష్టమున్నవారికిని, ఇట్టి అంచె పందెమును నడుపదలచితిమి. మూడు పరీక్ష పరుగులు మూడు వేఱువేఱు వారములలో జరుగును. జ్వరముగా నున్నవారు, రాత్రి నిద్ర లేనివారు, చెప్పులు తెగినవారు ఆ మాట పట్టికలో తమ పేరు ప్రక్కన వ్రాయించుకొనవలెను. కఱ్ఱలు కొనలేదు, ఒకే లావు గల వెదురును జానెడున్నర చొప్పున కోయించి, అంచులు నునుపు చేయించి పెట్టితిమి. పండ్రెండు సిద్ధముగా నున్నవి.